లాంగ్మ్యూర్ ప్రోబ్ చెప్పే అంకెలో ప్లాస్మా ఎంత, ప్రోబ్ ఎంత?

2023 ఆగస్టు 31న ఇస్రో ఒక అంకె చెప్పింది. చంద్రయాన్-3 ల్యాండర్ మీదున్న రంభా-ఎల్‌పీ పరికరం (ఎల్‌పీ అంటే లాంగ్మ్యూర్ ప్రోబ్) తొలి కొలతల ప్రకారం చంద్రుడి నేల దగ్గర ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివిడిగా తిరిగే వాయువు, పలచగా ఉందనీ, ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నాయనీ. అది ప్రాథమిక అంచనా అని, చాంద్ర పగటి తొలి దశకు చెందినదని అప్పుడే స్పష్టంగా అన్నారు. 2025లో పూర్తి విశ్లేషణ బయటికొచ్చింది. అందులో అంకె ఘనపు సెంటీమీటరుకు 380 నుంచి 600. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 3,000 నుంచి 8,000 కెల్విన్లు.

ముందు యూనిట్లు సరిచూసుకోవాలి. రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివితే కోట్లలో ఉన్న మొదటిదే పెద్దదనిపిస్తుంది. ఘనపు మీటరులో పది లక్షల ఘనపు సెంటీమీటర్లుంటాయి కాబట్టి మొదటి అంకె సెంటీమీటర్ల లెక్కలో 5 నుంచి 30 మాత్రమే. రెండోది దానికి పన్నెండు రెట్లకు పైమాటే. పరికరం అదే, దిగిన చోటూ అదే.

"మొదట తప్పు చెప్పారా?" అని అడగడం తేలిక. ఈ పనిలో ఉన్నవాళ్ళకు తట్టే ప్రశ్న వేరు: వచ్చిన కరెంటులోంచి ఏమేం తీసేశారు, ఎంతెంత తీసేశారు? లాంగ్మ్యూర్ ప్రోబ్ సాంద్రతను కొలవదు. కరెంటును కొలుస్తుంది. ఆ కరెంటులో ప్లాస్మా వాటా కొంత, ఎండ వాటా కొంత, నౌక వాటా కొంత, ప్రోబ్ పైపూత వాటా కొంత, కేబుల్ వాటా కొంత. సరుకు తూచేముందు తక్కెడ పాసంగం చూసుకున్నట్టు ఇవన్నీ ఒక్కొక్కటిగా చూసి తీసెయ్యాలి. అంగారకుడిదైనా, శుక్రుడిదైనా, శని ఉపగ్రహం టైటాన్‌దైనా, అయనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలో ఉండే ప్లాస్మా పొర) గురించి మనం చదివే ప్రతి సాంద్రత అంకె వెనుకా ఇలాంటి తీసివేత ఒకటి జరిగే ఉంటుంది. ఆ తీసివేత చూడకుండా అంకెను మాత్రమే తీసుకుని సిద్ధాంతాలు కట్టడం నాకు నచ్చదు. అందుకే ఈ పోస్టు.

పరికరం, దాని వక్రరేఖ

రంభా-ఎల్‌పీ చూడ్డానికి చాలా చిన్న సంగతి: 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న లోహపు గోళం, దాన్ని ల్యాండర్ పైభాగం నుంచి దూరంగా పట్టుకునే 1 మీటరు బూమ్. గోళానికి మైనస్ 12 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకా 0.1 వోల్టు చొప్పున మెట్లుమెట్లుగా వోల్టేజ్ ఇస్తారు. ఒక్కో మెట్టు మీద 1 మిల్లీసెకను ఆగి, ఎంత కరెంట్ వస్తోందో పికో ఆంపియర్ల స్థాయి దాకా కొలుస్తారు. మొత్తం 241 మెట్లు, అంటే పావు సెకనులో ఒక స్వీప్ అయిపోతుంది. ల్యాండర్ కదలదు కాబట్టి ఆ పావు సెకను పెద్ద లెక్కలోది కాదు. అదే సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో అంగారకుణ్ని చుట్టే నౌక మీదైతే ఒక స్వీప్ మొదలుపెట్టి ముగించేలోపు నౌక కిలోమీటరు జరిగిపోతుంది.

వోల్టేజ్ అడ్డంగా, కరెంట్ నిలువుగా వేసి గీస్తే వచ్చే వక్రరేఖకు మూడు భాగాలుంటాయి. ఎడమ చివర, ప్రోబ్ బాగా నెగటివ్‌గా ఉన్నప్పుడు, ఎలక్ట్రాన్లు దగ్గరికి రాలేవు. అయాన్ల చిన్న కరెంట్ మాత్రమే ఉంటుంది. గీత దాదాపు చదునుగా, కొద్దిపాటి వాలుతో సాగుతుంది. మధ్యలో వోల్టేజ్ పెరిగేకొద్దీ ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ముందు, మిగతావి తర్వాత చేరుకుంటూ కరెంట్ నిట్టనిలువుగా లేస్తుంది. ప్లాస్మా పొటెన్షియల్ (చుట్టూ ఉన్న ప్లాస్మాకు సొంతంగా ఉండే వోల్టేజ్) దాటాక మోకాలులా ఒక వంపు వచ్చి, ఆ తర్వాత పెరుగుదల మందగిస్తుంది. ఈ పెరుగుదల ఎలా ఉండాలన్నది ప్రోబ్ ఆకారాన్ని బట్టి ఉంటుందని మాట్-స్మిత్, లాంగ్మ్యూర్ 1926లోనే లెక్కకట్టారు: డెబై దూరం (ప్లాస్మాలో ఒక ఆవేశం ప్రభావం ఎంత దూరం దాకా తెలుస్తుందో ఆ కొలత) కంటే చిన్న ప్రోబ్ అయితే, గోళానికి కరెంట్ వోల్టేజ్‌తో సరళరేఖలో పెరుగుతుంది; పొడవాటి స్తంభానికి కరెంట్ వర్గం సరళరేఖలో పెరుగుతుంది.

ఉష్ణోగ్రత మధ్యభాగం నుంచి వస్తుంది. కరెంట్ లాగ్ తీసి వోల్టేజ్‌తో గీస్తే సరళరేఖ రావాలి, దాని వాలే ఉష్ణోగ్రత. కెల్విన్లను 11,604తో భాగిస్తే, కరెంట్ 2.7 రెట్లు కావడానికి ఎన్ని వోల్టులు కావాలో వస్తుంది. చంద్రుడి మీది 5,000 కెల్విన్లకు అది 0.43 వోల్టు. 0.1 వోల్టు మెట్లతో ఆ నిడివిలో నాలుగు బిందువులు పడతాయి, పని జరుగుతుంది. అంగారకుడి పగటివైపు 130 కిలోమీటర్ల ఎత్తులో ఎలక్ట్రాన్లు 500 కెల్విన్ల దగ్గర ఉంటాయి. అక్కడ 0.043 వోల్టు చాలు. అదే 0.1 వోల్టు మెట్టు అక్కడ వాడితే ఒక మెట్టుకూ పై మెట్టుకూ మధ్య కరెంట్ పదింతలైపోతుంది. వాలు గీయడానికి బిందువులే మిగలవు. ఒక గ్రహానికి సరిపోయిన స్వీప్ పట్టికను ఇంకో గ్రహానికి యథాతథంగా తీసుకెళ్ళకూడదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అందుకే అంగారకుడికి వెళ్ళిన నాసా నౌక మేవెన్ లాంగ్మ్యూర్ ప్రోబ్‌లో 128 మెట్ల స్వీప్‌ను సమానంగా పంచలేదు. వక్రరేఖ నిట్టనిలువుగా లేచే చోట మెట్లు దగ్గరదగ్గరగా, చదునైన చోట దూరందూరంగా ఉంటాయి.

ఎండ తెచ్చే చిక్కు

రంభా గోళాన్నే తీసుకుని ఒక లెక్క వేద్దాం. సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 500, ఉష్ణోగ్రత 5,000 కెల్విన్లు అనుకుంటే, గోళం మొత్తం ఉపరితలం 78.5 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, ప్లాస్మా పొటెన్షియల్ దగ్గర దానికి చేరే ఎలక్ట్రాన్ కరెంట్ సుమారు 69 నానో ఆంపియర్లు.

ఇప్పుడు ఎండ. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు లోహం మీద పడితే ఫోటోఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. భూమి-చంద్రుల దూరంలో ఇది లోహాన్నీ పైపూతనూ బట్టి చదరపు మీటరుకు కొన్ని పదుల మైక్రో ఆంపియర్లు. 30 అనుకుందాం. ఎండ తగిలేది గోళం నీడ పడేంత వైశాల్యానికే, అంటే 19.6 చదరపు సెంటీమీటర్లకు. లెక్క వేస్తే 59 నానో ఆంపియర్లు. అంటే ప్లాస్మా ఇచ్చే కరెంటూ ఎండ తోసే కరెంటూ దాదాపు సమానం!

అసలు ప్రమాదం ఎడమ చివర ఉంది. ప్రోబ్ నెగటివ్‌గా ఉన్నప్పుడు ఫోటోఎలక్ట్రాన్లన్నీ తప్పించుకుపోతాయి. ఎలక్ట్రాన్ బయటికి పోయినా, పాజిటివ్ అయాన్ లోపలికొచ్చినా అమ్మీటరుకు ఒకటే. రెండూ ఒకే దిశ కరెంటుగా కనిపిస్తాయి. పైన అనుకున్న ప్లాస్మాలో అయాన్లు ప్రోటాన్లే అయితే వాటి కరెంట్ దాదాపు 1.6 నానో ఆంపియర్లు. ఇంకా బరువైన అయాన్లైతే అంతకంటే తక్కువ. ఎడమవైపు కనిపించే 60 నానో ఆంపియర్ల చదును గీతను అయాన్ కరెంట్ అనుకుని సాంద్రత తీస్తే 500 రావలసిన చోట 18,000 వస్తుంది. కొత్తగా డేటా పట్టుకున్నవాళ్ళు మొదట జారిపడేది ఇక్కడే. అంగారకుడి దగ్గర ఎండ ధాటి సుమారు 2.3 రెట్లు తగ్గుతుంది, శనిగ్రహం దగ్గర దాదాపు 90 రెట్లు తగ్గుతుంది. అంతమాత్రాన చిక్కు తీరినట్టు కాదు, పలచటి మాగ్నెటోస్ఫియర్‌లో (గ్రహం అయస్కాంత క్షేత్రం ఏలే ప్రాంతంలో) ప్లాస్మా కరెంట్ కూడా అంతకంటే పడిపోతుంది.

దీనికి మందు ఏమిటంటే, నౌక నీడలోకి వెళ్ళినప్పుడు తీసిన స్వీప్‌నూ ఎండలో తీసిన స్వీప్‌నూ పోల్చడం. ప్లాస్మా చాలా పలచగా ఉన్న చోట, ఉదాహరణకు సౌరపవనంలో, తీసిన స్వీప్‌లో ఎడమవైపు మిగిలేది దాదాపు ఫోటో కరెంటే కాబట్టి దాన్ని పాసంగంగా వాడుకోవచ్చు. కానీ ఆ విలువ శాశ్వతం కాదు. సూర్యుడి 11 ఏళ్ళ చక్రంతోపాటు అది మారుతుంది, సౌరజ్వాల వచ్చిన పూట ఇంకోలా ఉంటుంది, పైపూత పాతబడేకొద్దీ కూడా మారుతుంది. ఒకసారి తీసిన విలువను మిషన్ మొత్తానికి అంటగట్టకూడదు.

ల్యాండర్ ఒంటి నుంచి వచ్చే ఫోటోఎలక్ట్రాన్లు ఇంకో తలనొప్పి. ప్రోబ్ పాజిటివ్ అవగానే వాటిని కూడా లాక్కుంటుంది. చంద్రుడి నేల నుంచి లేచే ఫోటోఎలక్ట్రాన్ల సంగతి వేరు. అవి ఆ నేల దగ్గరి ప్లాస్మాలో భాగమే, వాటిని లెక్కలో ఉంచాలి, ల్యాండర్‌వి తీసెయ్యాలి. రెండూ ఒకే ప్రోబ్‌కు ఒకేలా చేరతాయి కాబట్టి విడదియ్యడానికి నౌక ఆకారాన్ని కంప్యూటర్‌లో పెట్టి సిమ్యులేషన్ చెయ్యక తప్పదు.

సున్నా ఎక్కడుంది?

ప్రోబ్‌కు మైనస్ 12 వోల్టులు అంటే దేనితో పోల్చి? నౌక ఒంటితో పోల్చి. నౌక ఒళ్ళు ప్లాస్మాలో తేలుతూ ఉంటుంది. ఎండలో, పలచటి ప్లాస్మాలో ఉంటే కొన్ని వోల్టులు పాజిటివ్‌గా, దట్టమైన చల్లటి అయనోస్ఫియర్‌లో ఉంటే కాస్త నెగటివ్‌గా స్థిరపడుతుంది. తోకచుక్కను వెంటాడిన రోజెట్టా నౌక ఒళ్ళు తరచూ మైనస్ 10 నుంచి మైనస్ 20 వోల్టుల దాకా దిగింది. అలాంటప్పుడు ప్రోబ్‌కు ప్లస్ 12 ఇచ్చినా చుట్టూ ఉన్న ప్లాస్మా దృష్టిలో అది ఇంకా నెగటివే. వక్రరేఖ మోకాలు స్వీప్ పరిధికి బయట పడిపోతుంది, అప్పుడు సాంద్రత తియ్యడానికి ఆధారమే ఉండదు. రోజెట్టా ప్రోబ్‌లకు పరిధి అంతకంటే పెద్దగా ఉండబట్టి సరిపోయింది.

ప్రోబ్ లాగే ఎలక్ట్రాన్లకు బదులుగా నౌక ఒళ్ళు అయాన్లను సేకరించాలి, లేకపోతే సర్క్యూట్ పూర్తికాదు. ఒకే ఉష్ణోగ్రతలో ఆక్సిజన్ అణువు అయాన్ కంటే ఎలక్ట్రాన్ 240 రెట్లు వేగంగా కదులుతుంది. కాబట్టి నౌక మీద కరెంటును పోనిచ్చే ఉపరితలం ప్రోబ్ కంటే కొన్ని వందల రెట్లు ఉండాలి. చిన్న ఉపగ్రహాల్లో, సౌండింగ్ రాకెట్లలో ఇది గొంతు మీద కత్తే. తుంబా, శ్రీహరికోటల నుంచి ఎగిరిన సౌండింగ్ రాకెట్ల మీద ఎన్నో లాంగ్మ్యూర్ ప్రోబ్‌లు పనిచేశాయి. వాటిలోనూ రాకెట్ ఒళ్ళే రిఫరెన్స్. ఆ వైశాల్యం చాలకపోతే ప్రోబ్ వోల్టేజ్ పెంచుతున్నామని మనం అనుకుంటుండగా నౌక ఒళ్ళే కిందికి జారుతుంది. ప్రోబ్ నిజంగా పెరిగింది సగమే కావచ్చు. అప్పుడు వక్రరేఖ అడ్డంగా సాగిపోయి ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఉపగ్రహం ఒంటికి వేసే పెయింట్, సౌరఫలకాల గాజు కరెంటును పోనివ్వవు. డ్రాయింగ్‌లో కనిపించే మొత్తం వైశాల్యాన్ని కాకుండా వాటిని తీసేసిన వైశాల్యాన్నే లెక్కించాలి.

బూమ్ పొడవు ఎంతుండాలో డెబై దూరం చెబుతుంది. నౌక చుట్టూ ఆవేశపు తొడుగు ఒకటి ఏర్పడుతుంది, షీత్ అంటారు. దాని మందం కొన్ని డెబై దూరాలు. ఉష్ణోగ్రతను ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకుని, ఘనపు సెంటీమీటరు సాంద్రతతో భాగించి, వర్గమూలం తీసి, 7.43తో గుణిస్తే డెబై దూరం మీటర్లలో వస్తుంది. 5,000 కెల్విన్లు, అంటే 0.43 ఎలక్ట్రాన్ వోల్టులు, సాంద్రత 500 అయితే 22 సెంటీమీటర్లు. 1 మీటరు బూమ్ నాలుగున్నర డెబై దూరాలు దాటుతుంది, ఫర్వాలేదు. సాంద్రత 10 అయితే డెబై దూరం మీటరున్నర. బూమ్ కొసన ఉన్న ప్రోబ్ కూడా ల్యాండర్ తొడుగు లోపలే ఉండిపోతుంది. అలాంటప్పుడు ఎంత చక్కటి వక్రరేఖ వచ్చినా అది చంద్రుడి ప్లాస్మాది కాదు, చాలావరకు ల్యాండర్ చుట్టూ ఉన్న పొరది. ఎవరు సాంద్రత అంకె ఇచ్చినా నేను ముందు ఈ లెక్క వేస్తాను: మీ అంకె నిజమైతే మీ ప్రోబ్ షీత్ బయట ఉందా? 380–600 అంకె ఈ పరీక్షలో నిలబడుతుంది. 5–30 నిలబడడం కష్టం.

అంగారకుడి దగ్గర ఈ బాధ తక్కువ. అక్కడ పగటివైపు అయనోస్ఫియర్ అన్నిటికంటే దట్టంగా ఉండే ఎత్తులో, అంటే శిఖరం దగ్గర, సాంద్రత ఘనపు సెంటీమీటరుకు లక్ష పైన, డెబై దూరం 5 మిల్లీమీటర్ల లోపు. మేవెన్ బూమ్‌లు రెండూ 7 మీటర్లు. కానీ ఆ నౌక అయాన్ల వేగం కంటే చాలా ఎక్కువ వేగంతో దూసుకుపోతుంది కాబట్టి వెనుకవైపు పడవ వెనక నీళ్ళు చీలినట్టు ఖాళీ ఏర్పడుతుంది, అందులోకి అయాన్లు వెంటనే చేరలేవు. ప్రోబ్ ఆ ఖాళీలో పడిన క్షణాల్లో సాంద్రత ఉత్తిగానే తగ్గినట్టు కనిపిస్తుంది. రెండు బూమ్‌లు పెట్టడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి: ఒకటి నీడలోనో ఖాళీలోనో ఉంటే రెండోది బయట ఉంటుంది.

చిన్న కరెంట్లు, మురికి పట్టిన ప్రోబ్‌లు

పికో ఆంపియర్లు కొలుస్తామంటే వినడానికి బాగుంటుంది. 5 సెంటీమీటర్ల గోళం కెపాసిటెన్స్ 2.8 పికోఫారడ్లు. వోల్టేజ్ 0.1 మెట్టెక్కగానే 0.28 పికోకూలుంబ్ల ఆవేశం దాని మీదికి చేరాలి. 1 మిల్లీసెకను మీద పరిస్తే సగటున 280 పికో ఆంపియర్లు! ప్లాస్మా ఒక్క ఎలక్ట్రాన్ ఇవ్వకపోయినా ఈ కరెంట్ వస్తుంది. కాబట్టి మెట్టెక్కగానే కొలవకూడదు, మెట్టు చివర్లో, ఆ పొంగు తగ్గాక కొలవాలి. కేబుల్ కెపాసిటెన్స్ గోళం కంటే ఎన్నో రెట్లుంటుంది. అందుకని లోపలి తీగ చుట్టూ ఉన్న కవచాన్ని కూడా అదే వోల్టేజ్ మీద నడుపుతారు. రెండింటి మధ్య తేడా లేకపోతే కారడానికీ నిండడానికీ ఏమీ ఉండదు. ప్రోబ్‌ను బూమ్‌కు పట్టించే చిన్న ముక్కను కూడా ఇలాగే ప్రోబ్ వోల్టేజ్ మీద ఉంచుతారు. అలా చెయ్యకపోతే బూమ్ దగ్గరి విద్యుత్ క్షేత్రం గోళం ఒకవైపున వంకరపోతుంది, గోళానికి రాసుకున్న సూత్రం గోళానికే పనిచెయ్యదు.

ఎలక్ట్రానిక్స్‌లో ఎప్పుడూ కాస్త ఆఫ్‌సెట్ కరెంట్ ఉంటుంది, ఉష్ణోగ్రతతోపాటు జరుగుతూ ఉంటుంది. ప్రయోగానికి ముందు థర్మోవాక్ పరీక్షలో (శూన్యంలో వేడీ చలీ కల్పించి చేసేది) ప్రోబ్ బదులు తెలిసిన రెసిస్టర్ పెట్టి, చల్లగా వేడిగా మార్చి, ఆ పట్టిక తీసి ఉంచుకోవాలి. అంతరిక్షంలోకి వెళ్ళాక దాన్ని తియ్యడానికి దారి దొరకదు.

అన్నిటికంటే మోసకారి మురికి. ప్రోబ్ మీద కంటికి కనపడని పొర, నూనె ఆవిరో, థ్రస్టర్ ఇంధనమో, నీటి అణువులో, పేరుకుంటే ఆ పొర చిన్న కెపాసిటర్‌లా ఆవేశం నింపుకుంటుంది. స్వీప్‌ను పైకి నడిపినప్పుడు ఒక గీత, కిందికి నడిపినప్పుడు ఇంకో గీత వస్తాయి. రెండు గీతల మధ్య తెరుచుకున్న ఆ కొడవలి ఆకారాన్ని ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు. ఒకే దిశలో స్వీప్ నడిపే పరికరంలో ఈ తప్పు కనపడదు, ఉష్ణోగ్రత మాత్రం ఎక్కువ చూపిస్తూ పోతుంది. ప్రోబ్‌ను వేడి చేసి పొరను తరిమెయ్యడం, స్వీప్‌ను పొర నిండేలోపు ముగిసేంత వేగంగా నడపడం, ఉపరితలం అంతటా ఒకే గుణం ఉండేలా టైటానియం నైట్రైడ్ పూత వెయ్యడం, ఇవి వాడుకలో ఉన్న దారులు. శనిగ్రహాన్ని చుట్టిన కస్సినీ నౌక ప్రోబ్‌కూ, మేవెన్ ప్రోబ్‌లకూ ఆ పూతే. బంగారు రంగులో మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, సులువుగా తుప్పు పట్టదు.

వక్రరేఖ నుంచి అంకె దాకా

క్రమం ఇలా పెట్టుకుంటే మేలు. ముందు ఆఫ్‌సెట్ తీసెయ్యాలి. తర్వాత ఎడమవైపు చదును భాగానికి సరళరేఖ అమర్చి, దాన్ని కుడివైపుకు పొడిగించి మొత్తం కరెంటులోంచి తీసెయ్యాలి. అయాన్, ఫోటో కరెంట్లు రెండూ కలిసి పోతాయి. ప్లాస్మా పొటెన్షియల్ దాటాక ప్రోబ్ ఫోటోఎలక్ట్రాన్లు వెనక్కి వచ్చేస్తాయి కాబట్టి ఆ పొడిగింపు అక్కడితో ఆగాలి, చివరిదాకా గీసుకుపోతే తప్పు. మిగిలినదానికి లాగ్ తీసి చూడాలి. ఒకే వాలు కనిపిస్తే ఎలక్ట్రాన్లు ఒకే రకం. రెండు వాలులు అతుక్కున్నట్టు కనిపిస్తే వేడి ఎలక్ట్రాన్లూ చల్లవీ కలిసి ఉన్నాయని అర్థం. వేడి భాగానికి ముందు అమర్చి, తీసేసి, ఆ తర్వాత చల్లభాగం వాలు తియ్యాలి. క్రమం తిరగేస్తే చల్ల ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పెరిగిపోతుంది.

ప్లాస్మా పొటెన్షియల్‌కు కరెంట్ మార్పు రేటు శిఖరం చూడాలి. డేటాలో నాయిస్ ఉంటే ఆ శిఖరం గుట్టలుగుట్టలుగా చీలుతుంది. నునుపు చెయ్యడానికి సావిట్స్కీ-గొలే ఫిల్టర్ వాడతారు, బాగానే పనిచేస్తుంది. ఫిల్టర్ కిటికీ (ఒకేసారి కలిపి నునుపు చేసే బిందువుల నిడివి) మరీ వెడల్పు పెడితే మాత్రం మోకాలు గుండ్రబడి పక్కకు జరుగుతుంది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మొత్తం పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. ఉష్ణోగ్రతలో 20 శాతం తప్పు వస్తే సాంద్రతలో వచ్చేది 10 శాతమే, మధ్యలో వర్గమూలం ఉంది కాబట్టి. పొటెన్షియల్‌లో తప్పు అలా తగ్గదు, ఘాతంలో పెరుగుతుంది. చంద్రుడి దగ్గర 0.43 ఎలక్ట్రాన్ వోల్టుల ప్లాస్మాలో మోకాలును 0.2 వోల్టు ముందుకో వెనక్కో గుర్తిస్తే సాంద్రత 1.6 రెట్లు తేడా పడుతుంది. అంగారకుడి చల్లటి ప్లాస్మాలో 0.05 వోల్టు చాలు, మూడు రెట్లు తప్పుతుంది.

అందుకే ఒక్క ప్రోబ్ మాట మీద ఆగకుండా, ప్లాస్మా తరంగాల్ని సాక్ష్యానికి పిలుస్తారు. ప్లాస్మా సహజంగా ఊగే పౌనఃపున్యం సాంద్రత మీదే ఆధారపడుతుంది: సెంటీమీటరు సాంద్రతకు వర్గమూలం తీసి 9తో గుణిస్తే కిలోహెర్ట్జ్‌లు. ఉష్ణోగ్రత అక్కర్లేదు, ప్రోబ్ వైశాల్యం అక్కర్లేదు, ఎండతో పని లేదు. సాంద్రత 10 అయితే 28 కిలోహెర్ట్జ్, 500 అయితే 200 కిలోహెర్ట్జ్. పన్నెండు రెట్ల సందేహం ఉంటే స్పెక్ట్రమ్‌లో ఒక్క గీత తేల్చేస్తుంది. మేవెన్‌లో అదే బూమ్‌ల మీద నుంచి తెల్లటి నాయిస్ ప్రసారం చేసి ప్లాస్మాను ఊపి, ఆ గీత ఎక్కడ వస్తుందో చూసి, ప్రోబ్ సాంద్రతను సరిచేసుకుంటారు. గ్రహాలకు వెళ్ళే ఏ నౌక మీదైనా ప్రోబ్ పక్కన తరంగాలు వినే రిసీవర్ ఒకటి ఉండాలని నేను గట్టిగా వాదిస్తాను. బరువు, కరెంట్ ఖర్చు అని దాన్ని తీసేస్తే మిగిలిన డేటా అంతా ప్రోబ్ పాసంగం మీద వేలాడుతుంది.

దూరం నుంచి చూసే పద్ధతులకూ వాటి తీసివేతలు వాటికున్నాయి, క్లుప్తంగా చెబుతాను. అంగారకుణ్ని చుట్టే యూరప్ నౌక మార్స్ ఎక్స్‌ప్రెస్ మీది మార్సిస్ రాడార్ 40 మీటర్ల యాంటెన్నాతో 0.1 నుంచి 5.4 మెగాహెర్ట్జ్ దాకా 160 పౌనఃపున్యాలు పంపి, అయనోస్ఫియర్ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులు వింటుంది. తిరిగొచ్చిన సమయాన్ని కాంతివేగంతో గుణిస్తే వచ్చేది నిజమైన దూరం కాదు. ప్లాస్మాలో తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి శిఖరం ఉన్నదానికంటే కింద ఉన్నట్టు కనిపిస్తుంది. విలోమ లెక్క చేసి సరిదిద్దాలి. శిఖరానికి దిగువన ఏముందో పైనుంచి చూసే ఈ రాడార్‌కు కనపడనే కనపడదు. దీనిలో నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. నౌక దగ్గరి ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరుగుతూ ఒక చుట్టు పూర్తికాగానే యాంటెన్నా దగ్గరికి మళ్ళీ వచ్చి, సమాన వ్యవధుల్లో గీతల్లా కనిపిస్తాయి. 100 నానోటెస్లా క్షేత్రంలో ఆ వ్యవధి 0.36 మిల్లీసెకను. మార్స్ ఎక్స్‌ప్రెస్‌లో మాగ్నెటోమీటర్ లేదు. అయినా ఈ గీతల మధ్య దూరంతో అంగారకుడి పెంకులో మిగిలిపోయిన అయస్కాంత క్షేత్రం తీవ్రతను కొలిచారు.

రేడియో అకల్టేషన్‌లో నౌక గ్రహం వెనక్కి జారుతున్నప్పుడు దాని సంకేతం అయనోస్ఫియర్ గుండా వంగి భూమికి వస్తుంది. 1965లో మెరైనర్ 4 అంగారకుడి అయనోస్ఫియర్‌ను మొదట చూసింది ఇలాగే. ఎక్స్-బ్యాండ్ రేడియో సంకేతంలో వచ్చే డాప్లర్ తేడా (పౌనఃపున్యంలో మార్పు) హెర్ట్జ్‌లో పదో వంతు స్థాయి, 840 కోట్ల హెర్ట్జ్ మీద! నౌక మీది ఆసిలేటర్ అంతకంటే స్థిరంగా ఉండాలి. ఎస్, ఎక్స్ బ్యాండ్‌లను 3కు 11 నిష్పత్తిలో కలిపి పంపి ఒకదాన్నించి ఒకటి తీసేస్తే ఆసిలేటర్ తప్పూ, కక్ష్య తప్పూ, వాయువు ప్రభావమూ పోతాయి. భూమి అయనోస్ఫియర్, దారిలో ఉన్న సౌరపవనం మాత్రం పోవు, అవీ ప్లాస్మాయే కాబట్టి. గ్రహం అయనోస్ఫియర్ మొదలవకముందు కొన్ని నిమిషాల సంకేతం తీసి దాన్ని ఆధారరేఖగా పెట్టుకుంటారు. ఇంకో పరిమితి జ్యామితిది: అంగారకుడు మనకంటే బయటి కక్ష్యలో ఉన్నాడు కాబట్టి భూమి నుంచి చేసే అకల్టేషన్‌కు అక్కడి మిట్టమధ్యాహ్నం గానీ నడిరాత్రి గానీ ఎప్పటికీ దొరకవు. ఆ వేళల కోసం అక్కడికి ప్రోబ్ పంపాల్సిందే.

చేసి చూడాలనుకునే విద్యార్థులకు: చంద్రయాన్-3 డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. మేవెన్ డేటా నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో ఉంది. మొదలుపెట్టేటప్పుడు తయారుగా ఉన్న సాంద్రత ఫైలు తెరవకండి, ముడి స్వీప్‌లు తెరవండి. ఒక్క కక్ష్యలో నౌక గ్రహానికి దగ్గరగా వచ్చిన ఇరవై నిమిషాలు తీసుకుని, అడ్డంగా కాలం, నిలువుగా వోల్టేజ్, కరెంట్ మార్పు రేటుకు రంగు వేసి ఒక బొమ్మ గియ్యండి. మధ్యలో ఒక ప్రకాశవంతమైన గట్టు పాములా సాగుతూ కనిపిస్తుంది. అదే నౌక పొటెన్షియల్ కదలిక. నౌక ఎండలోంచి నీడలోకి పోయినచోట ఆ గట్టు ఒక్కసారిగా కిందికో పైకో దూకుతుంది. అదే క్షణంలో ఉష్ణోగ్రత కూడా దూకిందా చూడండి. దూకితే, ఆ ఉష్ణోగ్రతలో ఎండ వాటా ఇంకా మిగిలే ఉంది. ఎడమవైపు సరళరేఖ దగ్గరికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి.